మొయ్యని నీళ్ళు

పొద్దున ఆరయ్యేసరికి నీళ్ళాయన కాలువ మీది వంతెన దాటి ఈతకొలను గేటు తాళం తియ్యాలి. తీశాక పంపు గదిలోకెళ్ళి మోటారు వెయ్యాలి. పొడుగాటి కర్రకి బిగించిన వలతో నీళ్ళ మీద తేలే ఆకులూ పురుగులూ తియ్యాలి. మందు డబ్బా మూత తీసి రెండు గరిటెలు కలపాలి, గట్టు పలకలన్నీ కడగాలి, టవళ్ళు మడిచి బల్ల మీద పేర్చాలి. ఏడింటికల్లా ఈత కొట్టేవాళ్ళు రావడం మొదలుపెడతారు. ఈలోగా కొలను అద్దంలా ఉండాలి. పదహారేళ్ళుగా అలాగే ఉంటోంది.

స్కూలు సెలవుల్లో ఆయన కూతురు కూడా వెంట వచ్చేది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని వాళ్ళ నాయనమ్మ పిచుక అంది, ఆ పేరే ఖాయమైపోయింది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పనికి చీకటితోనే వెళ్ళిపోతుంది కాబట్టి, ఇంట్లో ఒక్కత్తినీ వదలడమెందుకని తండ్రి తెచ్చుకునేవాడు. పిచుకకి టవళ్ళు మడవడమంటే ఇష్టం. మూలలు కలిపి, చేత్తో నొక్కి, అంచులు లోపలికి దోపి, దొంతర పెట్టేసి, "నాన్నా, ఒక్కటన్నా వంకరుందేమో చూడు" అనేది.

నీళ్ళాయన గట్టు వెంట నడుస్తుంటే కొలనులో నీళ్ళు కూడా ఆయన వెంట నడిచేవి. ఆయన ఏ గట్టున ఉంటే ఆ పక్క జానెడెత్తు లేచి, అంచు దాకా వచ్చి ఆగేవి. ఇంట్లో కుళాయి తిప్పితే ధార వంకర తిరిగి, ముందు ఆయన చెయ్యి తడిమి, ఆ తర్వాతే బకెట్లో పడేది. "చాల్లే" అంటే ఆగేది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకరికి కుట్టు వస్తుంది, ఒకరికి పాట వస్తుంది, ఈయనకి నీళ్ళు వచ్చు, అంతే. పనిలో పెట్టుకున్న రోజున సూపరింటెండెంటు కూడా, "నీళ్ళు నీ మాట వింటాయటగా? మంచిదే, పంపు మీద భారం తగ్గుతుంది" అన్నాడు. ఆ మాట అక్కడితో సరి.

కాలువకి ఇటువైపు ఉండేది నల్లవాళ్ళు, అటువైపు తెల్లవాళ్ళు. కొలను అటువైపుది. గేటు పక్కన ఒక బోర్డు ఉండేది. ఏటేటా దానికి రంగు వేసేది నీళ్ళాయనే. చేతిలో డబ్బా పట్టుకుని పక్కన నిలబడేది పిచుక. నిజానికి ఆ బోర్డు మీద అక్షరాలతోనే ఆ పిల్లకి చదువొచ్చింది. ఆరేళ్ళప్పుడు వేలితో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, తండ్రిని అడిగింది.

"నల్లవారికి ప్రవేశం లేదు అనుంది. ప్రవేశం అంటే ఏంటి నాన్నా?"

నీళ్ళాయన కుంచె డబ్బాలో ముంచి, చాలాసేపు అంచుకి ఒత్తి, "అదొక జబ్బులే అమ్మా. మనవాళ్ళకి లేదు" అన్నాడు.

పోనీలే అనుకుంది పిచుక. స్కూల్లో కూడా గొప్పగా చెప్పుకుంది, మనకి ప్రవేశం లేదు, వాళ్ళకే ఉంది పాపం అని. టీచరమ్మ నల్లబల్ల వైపు తిరిగి, ఉన్న అక్షరాల్నే మళ్ళీ దిద్దుకుంటూ నిలబడింది.

సూపరింటెండెంటు ఇల్లు కొలను వెనకే. ఆయన మెత్తటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. కనపడినప్పుడల్లా పిచుకకి చాక్లెట్ ఇచ్చేవాడు. ఆయనకి ఒక్కతే కూతురు. ఇంట్లో బేబీ అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లకీ తొమ్మిదేళ్ళే. వాళ్ళు అలా పొద్దున్నే లేచే రకం కాదు గానీ, పిచుక వచ్చిందని తెలిస్తే బేబీ గౌనుకి గుండీలు కూడా పెట్టుకోకుండా పంపు గదిలోకి పరిగెత్తుకొచ్చేది. మోటారు రొదలో ఇద్దరూ ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. ఎవరికెన్ని పళ్ళు ఊడాయి, ఎవరి జడ పొడుగు, పెద్దయ్యాక ఎవరు ఎక్కడుండాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలని ఖాయం చేసుకున్నారు. ఇల్లు ఏ ఒడ్డున అన్నది మాత్రం తేలలేదు.

ఒకరోజు బేబీ అంది, "నీకు ఈత రాదా? నేను నేర్పుతా, పడుకో."

టవళ్ళ బల్ల మీద పిచుకని బోర్లా పడుకోబెట్టి, కాళ్ళు పట్టుకుని ఆడించింది. "ఒసేయ్, మోకాళ్ళు వంచకే! కప్పలా కాదు, చేపలా! ఇప్పుడు ఊపిరి తీస్కో!" పిచుక గాలిలో చేతులు బారలు చాస్తూ నవ్వి నవ్వి బల్ల మీంచి పడింది. సెలవులు సగమయ్యేసరికి కొలను ఆ చివరి నుంచి ఈ చివరికి పదిసార్లు కొట్టగలిగేంత ఈత ఆ బల్ల మీదే వచ్చేసింది.

నీళ్ళలో మాత్రం వేలు పెట్టకూడదని తండ్రి చెప్పాడు. ఎందుకంటే జలుబు చేస్తుందన్నాడు. ఆయన కూడా పదహారేళ్ళలో ఒక్కసారీ అందులో చెయ్యి పెట్టలేదు. నీళ్ళు అంచు దాకా వచ్చి ఆయన పాదాల దగ్గర నిలబడేవి. "వద్దు, పొండి" అనేవాడు మెల్లగా. వెనక్కి పోయేవి.

ఇంకో రోజు మందు డబ్బా ఖాళీ అయితే, కొత్తది తేవడానికి నీళ్ళాయన సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. అప్పుడింకా ఆరున్నర కాలేదు. ఎండ అప్పుడే గోడ దిగుతోంది. బేబీ గట్టు మీంచి దభేల్న దూకి, తల పైకెత్తి అరిచింది.

"రావే! ఎవరూ లేరు."

"జలుబు చేస్తుంది."

"నాకు చేసిందా ఎప్పుడైనా? రా, పట్టుకుంటాగా!"

పిచుక గౌనుతోనే మెట్లు దిగింది. నీళ్ళు చీలమండకి తగిలాయి, మోకాలికొచ్చాయి, నడుముకొచ్చాయి. తర్వాత ఆ పిల్ల నేర్చుకున్నదేదీ అక్కర్లేకపోయింది. నీళ్ళే ఎత్తుకున్నాయి. చంటిపిల్లని ఇంట్లో ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నట్టు, ఈ అల ఆ అలకి అందించుకుంటూ కొలను నడిమధ్యకి తీసుకెళ్ళాయి. పిచుక వెల్లకిలా పడుకుని ఆకాశం చూసింది. చెవుల్లో నీళ్ళు గుసగుసమన్నాయి. అంత హాయి ఆ పిల్ల అంతవరకూ ఎరగదు. ఆ తర్వాతా ఎరగలేదు.

కేక విని కళ్ళు తెరిచింది. రోజూ అందరికన్నా ముందొచ్చే ఆవిడ, రబ్బరు టోపీ పెట్టుకునే ఆవిడ, గట్టు మీద నిలబడి గుండె పట్టుకుని అరుస్తోంది. కొలనులో పాము కనపడితే కూడా అలా అరవరు.

సూపరింటెండెంటు టీ కప్పుతోనే వచ్చాడు. నీళ్ళాయన డబ్బా భుజాన పెట్టుకుని వచ్చాడు. ఇంకో నలుగురైదుగురు పోగయ్యారు. పిల్లలిద్దరూ మెట్ల మీద ఒకళ్ళ పక్కన ఒకళ్ళు నీళ్ళోడుతూ నిలబడ్డారు.

"బేబీ, ఏం జరిగింది? ఎవరు దిగమన్నారు దీన్ని?" సూపరింటెండెంటు గొంతు మామూలుగానే ఉంది.

బేబీ తండ్రి వైపు చూసింది. టోపీ ఆవిడ వైపు చూసింది. పిచుక వైపు చూడలేదు.

"నేను వద్దన్నాను నాన్నా. వినకుండా తనే దిగింది."

అది అబద్ధమని పిచుకకి వెంటనే తట్టలేదు. బేబీ ఏదో మర్చిపోయి ఉంటుందనుకుంది. గుర్తు చేద్దామని, "అది కాదే, నువ్వే కదా..." అనబోయింది. ఈలోగా చెంప మీద దెబ్బ పడింది. కొట్టింది తండ్రి. పుట్టి బుద్ధెరిగాక ఆయన చెయ్యి ఆ పిల్ల మీద పడటం అదే మొదలు.

"అమ్మాయిగారిని ఏకవచనమా? నోరు ముయ్యి!" అని, సూపరింటెండెంటు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయింది అయ్యగారూ. చిన్నపిల్ల. తెలీక చేసింది."

చెంప కన్నా ఆ గొంతు పిచుకకి ఎక్కువ నొప్పి పుట్టించింది. నాన్నకి అలాంటి గొంతు కూడా ఒకటి ఉందని ఆ పిల్లకి తెలీదు.

సూపరింటెండెంటు కప్పు అంచు వైపు చూస్తూ, "నువ్వు మంచివాడివే. కానీ మెంబర్లు ఊరుకోరు కదా" అన్నాడు. "నీళ్ళన్నీ తీసెయ్. అడుగంతా మందేసి తోము. కొత్త నీళ్ళు పట్టు. ఆ పిల్లని కూడా తోమమను. బుద్ధొస్తుంది."

వాల్వు తిప్పినా నీళ్ళు పోలేదు. కొలనంతా నీళ్ళాయన నిలబడ్డ మూలకి వచ్చి, గుట్టలా లేచి, కదలకుండా నిలబడింది. ఆయన చాలాసేపు దానికేసి చూశాడు. తర్వాత గట్టు మీద గొంతుక్కూర్చుని, పక్కవాళ్ళకి వినపడకుండా, "పొండమ్మా. నా ఉద్యోగం కోసం పొండి" అన్నాడు. అప్పుడు పోయాయి. సాయంత్రం దాకా పోతూనే ఉన్నాయి.

రెండు రోజులు తండ్రీ కూతుళ్ళు ఖాళీ కొలనులో మోకాళ్ళ మీద కూర్చుని పలకలు తోమారు. మందు ఘాటుకి కళ్ళు మండేవి. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి చర్మం ఊడొచ్చింది. పైన గట్టు మీంచి వచ్చేపోయేవాళ్ళు తొంగి చూసి పోతున్నారు. టోపీ ఆవిడ అయితే, "ఆ మెట్ల దగ్గర ఇంకోసారి" అని చెయ్యి చూపించి మరీ చెప్పింది.

"నాన్నా, నాకు మురికుందా?" అంది పిచుక.

నీళ్ళాయన బ్రష్షు ఆపలేదు.

"ప్రవేశం అంటే జబ్బు కాదు కదూ?"

బ్రష్షు ఆగింది. ఆయన తల ఎత్తలేదు. కాసేపటికి మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. పిచుకకి జవాబు దొరికింది. ఆ జవాబుతో పాటు చిన్నప్పటి నుంచి జరిగినవన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. టీచరమ్మ నల్లబల్ల వైపు ఎందుకు తిరిగిందో, చాక్లెట్ ఇచ్చేటప్పుడు సూపరింటెండెంటు చెయ్యి తగలకుండా పైనుంచి ఎందుకు జారవిడిచేవాడో, అన్నీ.

మూడో రోజు కొత్త నీళ్ళు పట్టారు. నీళ్ళాయన పంపు గదిలో వాల్వు దగ్గరున్నాడు. పిచుక బ్రష్షులూ బకెట్లూ ఏరడానికి కొలను అడుగున ఒక్కత్తీ ఉంది. గొట్టంలోంచి మొదటి నీళ్ళు పడ్డాయి. అందులోంచి ఒక సన్నటి పాయ విడివడి, పొడి పలకల మీద మెలికలు తిరుగుతూ, తిన్నగా ఆ పిల్ల దగ్గరికొచ్చి బొటనవేలి ముందు ఆగింది. కుక్కపిల్ల వచ్చి నిలబడ్డట్టు నిలబడింది. అంతకు ముందెప్పుడూ నీళ్ళు నాన్న దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు.

పిచుక వంగింది. చెంప మీద తండ్రి వేళ్ళ వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"వాళ్ళని మొయ్యకు" అంది. "ఒక్కళ్ళని కూడా మొయ్యకు."

పాయ ఒక్క క్షణం అలాగే ఉండి, వెనక్కి తిరిగి పెద్ద నీళ్ళలో కలిసిపోయింది.

కొలను మళ్ళీ తెరిచిన రోజున అందరికన్నా ముందు దూకింది బేబీయే. దూకడానికి కట్టిన ఎత్తు చెక్క ఎక్కి, లోతు వైపు దూకింది. రాయి పడ్డట్టు పడింది. బుడగ కూడా రాలేదు. కాళ్ళూ చేతులూ ఎంత కొట్టుకున్నా నీళ్ళు ఆ పిల్లని అంగుళం పైకి లేపలేదు. గాలిలో కొట్టుకున్నట్టు అడుగున కొట్టుకుంటోంది. సూపరింటెండెంటు బట్టలతో దూకాడు. ఆయనా నిలువునా అడుగుకి పోయాడు. అదృష్టం బాగుండి మెట్లు చేతికందాయి, పాక్కుంటూ బయటికొచ్చాడు.

నీళ్ళాయన వల కర్ర పారేసి గట్టు మీద బోర్లా పడ్డాడు. పదహారేళ్ళలో మొదటిసారి రెండు చేతులూ భుజాల దాకా కొలనులో ముంచాడు. పెదాలు కదులుతున్నాయి. ఏం చెప్పాడో ఎవరికీ వినపడలేదు. నీళ్ళు కదల్లేదు. ఆయన నుదురు గట్టుకేసి కొట్టుకున్నాడు. అప్పుడు, ఇష్టం లేని పని చేసే మనిషి లేచినట్టు, నీళ్ళు మెల్లగా లేచి, బేబీని తెచ్చి ఆయన చేతుల మీద పడేసి పోయాయి. పొట్ట నొక్కితే పిల్ల కక్కుకుని ఊపిరి తీసింది.

పిచుక టవళ్ళ బల్ల దగ్గర నిలబడి ఇదంతా చూసింది. బేబీ కొట్టుకుంటున్నంత సేపూ తన నోట మాట రాలేదు. రాలేదో, రానివ్వలేదో, తర్వాత ఎన్నేళ్ళు ఆలోచించినా తేల్చుకోలేకపోయింది.

గంటలో పోలీసులొచ్చారు.

"నీళ్ళు నీ మాట వింటాయని ఊరందరికీ తెలుసు. అవునా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అవునండి."

"తియ్యమంటే తీశాయి. మరి ముంచమన్నదెవరు?"

"నేనే" అంది పిచుక. ముందుకొచ్చి ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడింది. "నేనే చెప్పాను మొయ్యొద్దని. మా నాన్న కాదు."

కానిస్టేబులు నవ్వాడు. నీళ్ళాయన మాత్రం కూతురి మొహం చూసి, అక్కడేదో చదువుకుని, చప్పున అడ్డొచ్చాడు. "చిన్నపిల్లండీ, ఏదో వాగుతోంది. నేనే చెప్పాను. నా కూతురి చేత తోమించారని కోపమొచ్చింది, చెప్పాను." చెప్పి చేతులు ముందుకు చాపాడు.

బేబీని బతికించింది ఆయనేనన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత కొలనులో నీళ్ళు రెండుసార్లు మార్చారు. ఎక్కడి నుంచో ఇంజనీరు వచ్చి గొట్టాలూ గాజు సీసాలూ పెట్టి కొలిచి, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని కాగితం రాసిచ్చి పోయాడు. ఆ శుభ్రమైన నీళ్ళలో బంతి వేస్తే మునిగింది. చెక్క వేస్తే మునిగింది. ఎండలు ముదిరాయి, మెంబర్లు రోజూ వచ్చి గట్టు మీద నిలబడి తిట్టి పోతున్నారు. నీళ్ళాయనకి సంకెళ్ళేసి తెచ్చి, గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చెప్పించారు. ఆయన చెప్పాడు. నీళ్ళు ఆయన వైపు కనీసం ఒరగలేదు. రెండు తగిలించి తీసుకుపోయారు.

అప్పుడు సూపరింటెండెంటుకి పిచుక పోలీసులతో అన్న మాట గుర్తుకొచ్చింది.

ఆయన వంతెన దాటి ఇటువైపు రావడం ఎవరూ చూసి ఎరగరు. పిచుక వాళ్ళది ఒక్క గది. తల్లి కుర్చీ తుడిచి వేసింది గానీ ఆయన కూర్చోలేదు.

"నువ్వు నిజమే చెప్పావు కదూ?" అన్నాడు పిచుకతో. "నా మీద కోపం ఉంటుంది, కాదనను. వచ్చి ఒక్క మాట చెప్పు. మీ నాన్నని మర్నాడే వదిలిపెట్టిస్తాను."

"ముందు వదిలిపెట్టించండి" అంది పిచుక.

తల్లి గబుక్కున కూతురి నోరు మూసింది. "చిన్నపిల్లండీ, మీరేం అనుకోకండి..."

సూపరింటెండెంటు మొహం ఎర్రబడింది. "నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

పిచుక తల్లి చెయ్యి మెల్లగా తప్పించింది. "ఆ రోజు మీ ముందు బేబీ కూడా మాటే చెప్పింది కదండీ."

కూతురి గొంతులో ఏడుపు ఉంటుందేమోనని తల్లి వెతికింది. లేదు. ఆవిడ చెయ్యి కిందికి దించేసి కూతురి పక్కన నిలబడింది.

ఆ తర్వాత నాలుగో రోజున నీళ్ళాయన్ని వదిలారు. తనే కాలు జారి పడ్డానని బేబీ చేత రాయించి కేసు కొట్టేశారు. నీళ్ళాయన ఇంటికొచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్ళు మడతపడటం లేదు. భార్య కాపడం పెట్టడానికి నీళ్ళు కాచి గిన్నెలో తెస్తే, ఆయన చెయ్యి ముంచాడు. మామూలు మనుషులందరికీ ఉన్నట్టే ఉన్నాయి నీళ్ళు.

తల్లి పనికి వెళ్ళాక పిచుక వచ్చి పక్కన కూర్చుంది.

"నిజంగా నేనే చెప్పాను నాన్నా."

"తెలుసు. ఆ పిల్లని తీస్తున్నప్పుడే తెలిసింది. నా మాట వినలేదమ్మా అవి. బతిమాలుకున్నాను." తర్వాత అడిగాడు. "చచ్చిపోవాలనుకున్నావా ఆ పిల్ల?"

పిచుక అబద్ధం చెప్పొచ్చు. ఎలా చెప్పాలో ఇప్పుడు తెలుసు కూడా.

"అప్పుడు అనుకున్నాను" అంది.

నీళ్ళాయన మడతపడని వేళ్ళ చేత్తోనే కూతురి చెంప పట్టుకున్నాడు, తను కొట్టిన చెంపే. ఏడ్చింది ఆయనే. పిచుక ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

సూపరింటెండెంటుతో కుదిరిన ఒప్పందం ప్రకారం మర్నాటి నుంచి పిచుక కొలనుకి వెళ్ళాలి. తండ్రిని గేటు లోపలికి రానివ్వరు. పొద్దున్నే ఒక్కత్తే వంతెన దాటి వెళ్ళి, గట్టు మీద నిలబడి, "మొయ్యి" అనాలి. మొయ్యొద్దన్న మాటైతే నిలిచింది గానీ, మొయ్యమన్న మాట ఒక్క రోజుకే పనిచేసేది. మర్నాడు మళ్ళీ చెప్పాలి. కాబట్టి సెలవులైపోయినా వెళ్ళాల్సొచ్చింది, స్కూలు మానేసి. ఆ పిల్ల అడుగు పెట్టగానే కొలనంతా అటు ఒరిగేది. తను మాత్రం తడి గట్టుకి రెండడుగులు ఎడంగా నిలబడేది.

ఈతకొచ్చే పెద్దవాళ్ళు, ఉద్యోగాలూ హోదాలూ ఉన్నవాళ్ళు, తువ్వాళ్ళు కప్పుకుని వచ్చి ముందు ఆ పిల్ల మొహం చూసేవాళ్ళు. చూసుకుని గానీ కాలు పెట్టేవాళ్ళు కాదు. టోపీ ఆవిడ నవ్వడం కూడా నేర్చుకుంది.

ఒక నెల గడిచాక బేబీ వచ్చింది. చాలాసేపు మెట్ల దగ్గర తచ్చాడింది. చివరికి పిచుక దగ్గరికొచ్చి చెవిలో చెప్పినట్టు అడిగింది.

"నా మీద కోపం పోలేదా నీకు? మాట్లాడవే."

పిచుక చేతులు కట్టుకుని, కాస్త పక్కకి జరిగి దారిచ్చింది.

"అలాంటిదేం లేదు అమ్మాయిగారూ" అంది. "మీరు దిగండి. ఇవాళ మోస్తాయి."